ట్యాంకు గుండును చూసి ఏ రకమో గుర్తుపట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మ్యూజియం అద్దాల వెనక వరసగా నిలబెట్టిన గుండ్లు, యుద్ధ వార్తల్లో వచ్చే ఫొటోలు, ట్యాంకు మోడళ్లు చేసేవాళ్ల బల్ల మీది చిన్న ముక్కలు, వీడియో గేముల్లోని బొమ్మలు. ఎక్కడ చూసినా ముందు వచ్చే అనుమానం "ఇది ఏ రకం?" అనే. కింద రాసినదంతా ఫొటోలోనో మ్యూజియంలోనో చూసి పోల్చుకోవడానికి మాత్రమే. పాత ఫైరింగ్ రేంజ్ దగ్గరో, ఒకప్పుడు యుద్ధం జరిగిన నేలలోనో నిజం గుండు కనిపిస్తే దగ్గరికెళ్లి రకం తేల్చే పని పెట్టుకోకండి. ముట్టుకోకుండా వచ్చిన దారినే వెనక్కి వచ్చి పోలీసులకు చెప్పండి.

గుండు, షెల్, కేసు, రౌండు... అన్నీ ఒకటేనా?

కాదు. ట్యాంకు ఫిరంగిలోకి ఎక్కించే మొత్తాన్ని రౌండు అంటారు. అందులో ఎగిరి వెళ్లే ముందు భాగం గుండు. వెనక ఉన్న గొట్టం కేసు. కేసు లోపల గుండును నెట్టే మందు ఉంటుంది, అడుగున మధ్యలో ఆ మందును అంటించే ప్రైమర్ ఉంటుంది. గుండు లోపల పేలుడు పదార్థం నింపి ఉంటే అది షెల్. ఖాళీ అనేదే లేకుండా గట్టి లోహంతో చేసినదైతే షాట్. మాటల్లో అందరూ అన్నింటినీ షెల్ అనేస్తారు, దానితో పెద్ద ఇబ్బంది లేదు. చూసేటప్పుడు మాత్రం ఈ తేడా గుర్తుండాలి.

అన్ని రౌండ్లూ ఒకే ముక్కగా ఉండవు. టీ-72, టీ-90 ట్యాంకుల 125 మి.మీ. ఫిరంగికి గుండు వేరు, మందు వేరు. రెండో ప్రపంచ యుద్ధం నాటి సోవియట్ ఐఎస్-2 ట్యాంకు 122 మి.మీ. గుండ్లూ అంతే. బ్రిటిష్ చాలెంజర్-2లో గుండు, మందు సంచి, దాన్ని అంటించే చిన్న గొట్టం అని మూడు భాగాలు. అందుకే కేసు లేని గుండు ఫొటోలో కనిపించగానే "ఇది పేల్చేసిందే" అనుకోకూడదు.

రంగు చూసి చెప్పేయొచ్చా?

చివర చూడాల్సింది రంగు. చాలామంది మొదట చూసేది అదే, గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. రంగు అనేది ఒక సైన్యం ఒక కాలంలో పెట్టుకున్న ఒప్పందం. దేశం మారితే మారుతుంది, దశాబ్దం మారితే మారుతుంది, మ్యూజియం వాళ్లు కొత్త పెయింట్ వేస్తే అసలుకే పోతుంది. ఆకారం అలా మారదు. కవచాన్ని ఏ పద్ధతిలో దెబ్బతీయాలో దాన్ని బట్టే గుండు రూపం ఉంటుంది, ఆ భౌతికశాస్త్రం అన్ని సైన్యాలకూ ఒకటే. రంగుల సంగతి కింద విడిగా చెప్తాను.

మరి ముందు ఎక్కడ చూడాలి?

ముక్కు నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి. ముక్కు మొనదేలి ఉందా, గుండ్రంగా ఉందా, చదునుగా ఉందా? కొనన ఫ్యూజు (గుండును పేల్చే పరికరం) బిగించి ఉందా? శరీరం మొత్తం ఫిరంగి వ్యాసమంత లావుందా, లేక లావుపాటి తొడుగులోంచి సన్నటిది బయటికొచ్చిందా? కింది భాగంలో చుట్టూ రాగి పట్టీ ఉందా? తోకకు రెక్కలున్నాయా? ఆఖరున అడుగు: అక్కడ ఫ్యూజు ఉందా, ట్రేసర్ (గుండు వెళ్లే దారి కనపడేలా వెలిగే మందు) గుంట మాత్రమే ఉందా?

రాగి పట్టీ గురించి రెండు మాటలు. బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులుంటే ఆ పట్టీ వాటిలోకి నొక్కుకుని గుండును గిర్రున తిప్పుతుంది. ఆ తిరుగుడే గుండు తిన్నగా వెళ్లేలా చూస్తుంది. బ్యారెల్ లోపల నున్నగా ఉంటే గుండు తిరగదు, అప్పుడు ఆ పని తోక రెక్కలు చేయాలి. కాబట్టి పట్టీ ఉంటే గాడుల ఫిరంగి, రెక్కలుంటే నున్నటి ఫిరంగి అని మొదటి అంచనా వేసుకోవచ్చు. మినహాయింపులున్నాయి, అవి ముందు ముందు వస్తాయి.

ముక్కుకు ఫ్యూజు ఉంటే అది హెచ్‌ఈ గుండేనా?

చాలాసార్లు అవును. హెచ్‌ఈ అంటే పేలి ముక్కలు చిమ్మే మామూలు షెల్. కవచం లేని లక్ష్యాలకు, గోడలకు, కందకాలకు వాడతారు. శరీరం ఫిరంగి వ్యాసమంత లావు, ముందుకు సాగే కొద్దీ వంపు తిరిగి సన్నబడుతుంది, కొనన ఇత్తడి లేదా అల్యూమినియం ఫ్యూజు మరలాగా బిగించి ఉంటుంది. శరీరం ఒక రంగు, ఫ్యూజు లోహం రంగు. ఆ రెండూ కలిసే గీత ఫొటోలో కూడా తెలిసిపోతుంది.

సోవియట్ ఫ్యూజులను దగ్గరగా చూస్తే కొనకు ఒక చిన్న మూత కనిపిస్తుంది. చాలా రకాల్లో ఆ మూత తీసి కాలిస్తే నేలకు తగలగానే పేలి ముక్కలు చిమ్ముతుంది. మూత ఉంచి కాలిస్తే కాస్త లోపలికి దిగాక పేలుతుంది. ఒకే గుండు, ఒకే ఫ్యూజు, మూత ఒక్కటే తేడా. మ్యూజియంలో ఒకే రకం గుండ్లు రెండు పక్కపక్కన పెట్టి ఒకదానికి మూత లేకపోతే అది వేరే రకమని అనుకోకండి.

125 మి.మీ. హెచ్‌ఈకి వెనక మడిచిన రెక్కలుంటాయి, ఎందుకంటే ఆ ఫిరంగి లోపల నున్నగా ఉంటుంది. ముక్కూ ఫ్యూజూ మామూలు హెచ్‌ఈ లాగే ఉన్నా తోక మాత్రం వేరు.

పొగ గుండ్లు కూడా ఇదే ఆకారంలో వస్తాయి. వాటిని హెచ్‌ఈ నుంచి విడదీయాలంటే రంగూ రాతలూ చూడక తప్పదు.

హీట్ గుండుకు ముందు పొడుగాటి కమ్మీ ఎందుకు?

నాకు అన్నిటికంటే నచ్చిన ఆకారం ఇదే, ఎందుకంటే దాని ప్రతి వంకరకీ ఒక కారణం ఉంది. హీట్ అనేది ఇంగ్లిష్ పేరుకు పొట్టి రూపం, వేడి అని కాదు. ఈ గుండు వేగంతో కవచాన్ని చీల్చదు. లోపల శంకువు ఆకారంలో సాధారణంగా రాగితో చేసిన పలక ఉంటుంది, దాని చుట్టూ పేలుడు పదార్థం. పేలగానే ఆ రాగి నలిగి సన్నటి ధారలా ముందుకు దూసుకెళ్తుంది. ఆ ధార పూర్తిగా సాగడానికి కవచానికీ శంకువుకూ మధ్య కొంత ఖాళీ కావాలి. ఆ ఖాళీని ఖాయం చేసేదే ముందున్న కమ్మీ. దాని కొన కవచానికి తగలగానే పేలుడు మొదలవుతుంది, శంకువు మాత్రం ఇంకా సరైన దూరంలోనే ఉంటుంది. తగిలిన సంకేతం కొన నుంచి వస్తుంది, పేలుడు మొదలయ్యేది వెనక నుంచి. కొనలో ఒత్తిడికి విద్యుత్తు పుట్టించే స్ఫటికం పెడతారు.

అందుకే హీట్ గుండు ముక్కు మెట్టులా ఉంటుంది: లావుపాటి శరీరం, ఒక్కసారిగా భుజం, అక్కడి నుంచి సన్నటి కమ్మీ. అమెరికా 105 మి.మీ. ఎం456, 120 మి.మీ. ఎం830, జర్మన్ డీఎం12, సోవియట్ 125 మి.మీ. 3బీకే14, అన్నిటిలో ఈ భుజం కనిపిస్తుంది. ఎం830 డీఎం12 నుంచి వచ్చిందే కాబట్టి ఆ రెండూ మరీ దగ్గరి పోలికతో ఉంటాయి.

గాడులున్న ఫిరంగి నుంచి వచ్చే హీట్‌కి కూడా రెక్కలెందుకు?

గుండు వేగంగా గిర్రున తిరిగితే రాగి ధార చెదిరిపోతుంది. అందుకే 105 మి.మీ. ఎల్‌7 లాంటి గాడుల ఫిరంగికి కూడా రెక్కలున్న హీట్ చేశారు. దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ పట్టీ గాడుల్లో తిరుగుతుంది, లోపలి గుండు పెద్దగా తిరగదు. పట్టీ ఉంటే గాడుల ఫిరంగి అని పైన చెప్పిన మాట ఇక్కడ నిలుస్తుంది, రెక్కల మాట నిలవదు.

ఫ్రెంచ్ వాళ్లు దీనికి ఇంకో దారి పట్టారు. ఏఎంఎక్స్-30 ట్యాంకు 105 మి.మీ. ఫిరంగికి చేసిన ఓబూ జీ గుండులో పైతొడుగు తిరుగుతుంది, లోపలి పేలుడు భాగం బాల్ బేరింగుల మీద కూర్చుని దాదాపు కదలకుండా ఉంటుంది. బయటి నుంచి చూస్తే రెక్కల్లేవు, కమ్మీ లేదు, మామూలు షెల్ లాగే ఉంటుంది. ఆకారంతో మోసపోయే సందర్భాల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది.

హెష్, హెచ్‌ఈ రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి. ఎలా విడదీయాలి?

ముక్కు చూడండి. హెష్‌కి ముక్కు మీద ఫ్యూజు ఉండదు. వంపు మొద్దుగా, గుండ్రంగా, నున్నగా ముగుస్తుంది. ఫ్యూజు అడుగున ఉంటుంది. దాని గోడలు పలుచన, లోపల మెత్తటి ప్లాస్టిక్ పేలుడు పదార్థం. కవచానికి తగలగానే ముక్కు నలిగి ఆ పదార్థం పలకలా పరుచుకుంటుంది, అప్పుడు అడుగు ఫ్యూజు పేలుస్తుంది. కవచానికి చిల్లు పడకపోయినా లోపలి వైపు నుంచి ఉక్కు పెచ్చులు ఊడి ట్యాంకులో ఎగురుతాయి.

నలగాలి కాబట్టి ముక్కు మొద్దుగా ఉంది, ముందు ఫ్యూజు అడ్డం రాకూడదు కాబట్టి వెనక పెట్టారు. ఈ రెండూ గుర్తుంటే చాలు. హెష్ గాడుల ఫిరంగులతోనే ఎక్కువగా కనిపిస్తుంది: 105 మి.మీ. ఎల్‌7, చీఫ్‌టెన్, చాలెంజర్ ట్యాంకుల 120 మి.మీ. ఫిరంగులు, మన అర్జున్ ట్యాంకు. అమెరికన్లు ఇదే రకాన్ని హెప్ అంటారు. చార్టులో హెప్ అని కనిపిస్తే వేరే గుండేమో అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

ఏపీఎఫ్‌ఎస్‌డీఎస్ ఒక ఫొటోలో సన్నటి బాణంలా, ఇంకో ఫొటోలో లావుగా ఉంటుంది. ఏది నిజం?

రెండూ. సన్నటి కడ్డీ అసలు పని చేసేది: టంగ్‌స్టన్ మిశ్రమం లేదా డిప్లీటెడ్ యురేనియంతో చేసిన పొడుగాటి బాణం, వెనక రెక్కలతో. అంత సన్నటిది 120 మి.మీ. బ్యారెల్‌లో నిలబడదు కదా, అందుకని నడుం చుట్టూ తేలికైన తొడుగు వేస్తారు. దాన్ని సాబో అంటారు. అది రెండు మూడు తునకలుగా ఉంటుంది. బ్యారెల్ దాటగానే గాలి దాని ముందు వైపున్న గిన్నెలాంటి గుంటలో పడి తునకలను విడదీసి పక్కకు తోసేస్తుంది. బాణం ఒక్కటే లక్ష్యానికి వెళ్తుంది, సెకనుకు సుమారు 1,500 నుంచి 1,800 మీటర్ల వేగంతో.

రౌండు మొత్తం ఉన్న ఫొటోలో బాణం వెనక సగం కేసులో దాక్కుని ఉంటుంది, రెక్కలు అసలు కనపడవు. కనపడేది సన్నటి మొన, దాని చుట్టూ సాబో ముందు భాగం. సాబో తునకలు కలిసే నిలువు గీతలు గుర్తుపట్టడానికి బాగా పనికొస్తాయి. మొన చుట్టూ వృత్తాకారపు గుంట, దాని మీద నిలువుగా అతుకుల గీతలు కనిపిస్తే ఇంకో అనుమానం అక్కర్లేదు.

125 మి.మీ. వాటిలో ఇంకో చిక్కు. బాణం చుట్టూ అదనపు మందు గొట్టంలా చుట్టి ఉంటుంది. ఎక్కించడానికి సిద్ధంగా ఉన్నది చూస్తే మొన తప్ప మిగతాదంతా కాగితపు అట్ట లాంటి స్తంభమే. ఆ మందు కాలిపోతుంది కాబట్టి కాల్చాక మిగలదు.

పాతకాలం సోవియట్ రకాలను తోక పట్టిస్తుంది. 1961లో వాడకంలోకి వచ్చిన టీ-62 ట్యాంకు 115 మి.మీ. నున్నటి ఫిరంగితో ఈ రకం పెద్ద ఎత్తున మొదలైంది. ఆ గుండ్లలో సాబో ముందువైపు ఒక వలయంలా చిన్నగా ఉంటుంది, రెక్కలు ఫిరంగి వ్యాసమంత వెడల్పుగా బ్యారెల్ గోడను తాకుతూ ఉంటాయి. తర్వాతి పాశ్చాత్య రకాల్లో సాబో నడుం పొడవునా సాగుతుంది, రెక్కలు చిన్నవి.

ఏపీడీఎస్‌కి, దీనికి తేడా?

రెక్కలు లేకపోవడం. ఏపీడీఎస్‌లో లోపలి ముక్క పొట్టిగా, లావుగా ఉంటుంది, తిరుగుడు మీదే నిలకడగా వెళ్తుంది. బయటి నుంచి చూస్తే లావుపాటి కుండలాంటి తొడుగులోంచి పొట్టి శంకువు బయటికొచ్చినట్టుంటుంది, అడుగున గాడుల పట్టీ కనిపిస్తుంది. బ్రిటిష్ వాళ్లు 1944లో 6 పౌండర్‌కి, తర్వాత 17 పౌండర్‌కి దీన్ని తెచ్చారు. 105 మి.మీ. ఎల్‌7తో చాలాకాలం ఇదే ప్రధాన కవచభేది.

ఏపీసీఆర్ అంటే?

లోపల సన్నటి టంగ్‌స్టన్ గుండె, చుట్టూ తేలికైన లోహం. సాబో ఊడిపోయే రకం కాదు, చుట్టూ ఉన్నది కవచం దాకా వెళ్తుంది. సోవియట్ 45, 76 మి.మీ. రకాలు దారపు రీలు ఆకారంలో ఉంటాయి: పైనా కిందా వెడల్పు అంచులు, మధ్యలో నడుం సన్నం. రష్యన్లు కూడా వాటిని రీలు రకం అనే పిలుస్తారు. ఒకసారి చూస్తే మళ్లీ మరిచిపోరు. జర్మన్ పాంజర్‌గ్రనాటె 40 కూడా ఈ కుటుంబమే. టంగ్‌స్టన్ కరువు వల్ల జర్మన్లు దాన్ని పొదుపుగా వాడాల్సి వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధపు మామూలు కవచభేదుల్లో ఏపీ, ఏపీసీ, ఏపీసీబీసీ అని మూడు చెప్తారు. చూస్తే తెలుస్తుందా?

గీతలు లెక్కపెట్టండి. ఏపీ ఒకే ఉక్కు ముద్ద, మొన దాకా అతుకు ఉండదు. ఏపీసీకి మొన మీద మెత్తటి లోహపు టోపీ ఉంటుంది, శరీరంతో అది కలిసే చోట ఒక గీత. ఏపీసీబీసీలో ఆ టోపీ మీద ఇంకో పలుచని రేకు టోపీ ఉంటుంది, గాలిని చీల్చడానికి. అంటే రెండు గీతలు. కొన్నింటిలో రేకు టోపీ అంచు లోపలి టోపీని పూర్తిగా కప్పేస్తుంది, అప్పుడు బయటికి ఒకే గీత కనిపిస్తుంది.

తవ్వకాల్లో దొరికిన వాటికి ఆ రేకు టోపీ చాలాసార్లు ఊడిపోయి ఉంటుంది. లోపలి మొద్దు ముక్కు బయటపడి హెష్ అనిపిస్తుంది. కాలం, ఫిరంగి వ్యాసం చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

సోవియట్ 76, 85 మి.మీ. కవచభేదుల్లో కొన్నింటి ముక్కు వంపు మీద చుట్టూ లోతైన గాడులు రెండు చెక్కి ఉంటాయి. అవి అలంకారానికి కాదు. కవచానికి తగిలినప్పుడు పగులు ముక్కు దగ్గరే ఆగి, వెనక పేలుడు పదార్థం ఉన్న భాగం చెక్కుచెదరకుండా ఉండటానికి. ఆ గాడులు కనిపిస్తే అది సోవియట్ గుండని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు.

లోపల పేలుడు పదార్థం ఉందో లేదో బయటి నుంచి తెలుస్తుందా?

అడుగు చూస్తే కొంత తెలుస్తుంది. గట్టి షాట్‌కి అడుగున ట్రేసర్ గుంట తప్ప ఏమీ ఉండదు. లోపల నింపిన కవచభేదికి అడుగున ఫ్యూజు మర బిగించి ఉంటుంది, పనిముట్టు పెట్టి తిప్పడానికి దాని మీద రెండు చిన్న రంధ్రాలో గాట్లో కనిపిస్తాయి. జర్మన్ పాంజర్‌గ్రనాటె 39 ఇలాంటిదే. అమెరికన్ 75 మి.మీ. ఎం72 గట్టి షాట్, ఎం61కి టోపీలూ లోపల పేలుడు పదార్థానికి చోటూ ఉంటాయి. బ్రిటిష్ 2 పౌండర్ షాట్ పూర్తిగా గట్టిది.

ఇది ఫొటో చూసి నేర్చుకోవడానికే. బయట దొరికినదాన్ని తిరగేసి అడుగు చూడటం కంటే పెద్ద ప్రమాదం ఇంకోటి లేదు.

ముక్కే లేని గుండు చూశాను. చదునుగా డబ్బాలా ఉంది. అదేంటి?

కానిస్టర్. పలుచని గొట్టం నిండా లోహపు గోళీలు. బ్యారెల్ దాటగానే గొట్టం విచ్చుకుని అవి విసురుగా పరుచుకుంటాయి. అమెరికా 120 మి.మీ. ఎం1028లో సుమారు 1,100 టంగ్‌స్టన్ గోళీలుంటాయి. దగ్గరి నుంచే కాల్చేది కాబట్టి గాలిని చీల్చే ముక్కు అక్కర్లేదు. చిన్న బాణాలు నింపిన ఫ్లెషెట్ గుండ్లు మాత్రం వేరు, వాటిలో చాలావాటికి ముక్కున టైము ఫ్యూజు ఉంటుంది.

సాబో ఉంది, కానీ మొన లావుగా ఉంది. బాణం కాదు. మరి?

అమెరికా ఎం830ఏ1 అయ్యుండొచ్చు. 120 మి.మీ. ఫిరంగికి 80 మి.మీ. హీట్ గుండు, చుట్టూ ఊడిపోయే సాబో. ముక్కున ఫ్యూజు, నేల మీది లక్ష్యానికో హెలికాప్టర్‌కో మార్చుకోవడానికి స్విచ్. దాని ముక్కు తీసేసి గట్టి ఉక్కు ముక్కు పెట్టిందే అడ్డంకులు పగలగొట్టే ఎం908. ఇప్పుడు ఎం830, ఎం830ఏ1, ఎం908, ఎం1028 నాలుగింటి పనీ ఎం1147 అనే ఒక్క గుండుతో చేయాలని తెచ్చారు. ఎప్పుడు పేలాలో ట్యాంకులోంచే దానికి చెప్తారు. గుర్తుపట్టేవాళ్లకు ఇది మంచి వార్త కాదు: పనులు నాలుగు, ఆకారం ఒకటి.

ఫిరంగి నుంచి వదిలే క్షిపణులు ఎలా ఉంటాయి?

గుండుకంటే పొడుగు, గోడల్లో మడిచిన రెక్కలు, చాలావాటికి ముందూ వెనకా రెండు చోట్లా. టీ-90, టీ-80యూ వాడే 9ఎం119 లేజర్ కిరణం వెంట వెళ్తుంది కాబట్టి ఆ కిరణాన్ని చూసే కన్ను దాని వెనక వైపు ఉంటుంది. అమెరికన్ షెరిడాన్ ట్యాంకు 152 మి.మీ. షిల్లెలా ఈ కుటుంబంలో పాతది.

శిక్షణ గుండును అసలు గుండు నుంచి ఎలా విడదీస్తారు?

నాటో దేశాల్లో నీలం రంగు అంటే శిక్షణ. ఇక్కడ ఆకారం కూడా సాయపడుతుంది. అమెరికా ఎం865 సాబో శిక్షణ గుండుకు రెక్కల బదులు వెనక రంధ్రాలున్న శంకువు ఉంటుంది. వేగం తగ్గగానే ఆ శంకువు గాలికి అడ్డుపడి గుండు రేంజ్ దాటి పోకుండా ఆపుతుంది. అంత ఆలోచించి చేసిన తోక ఇంకే గుండుకీ లేదనిపిస్తుంది.

కాల్చడానికి కాకుండా ఎక్కించడం నేర్పడానికి వాడే డ్రిల్ రౌండ్లు వేరు. అమెరికన్లవి కంచు రంగులో ఉంటాయి. చాలా సైన్యాలు కేసుకు అడ్డంగా రంధ్రాలు తొలిచి పెడతాయి. కానీ నీలం రంగు చూసి "ఇది ఉత్తదే" అని నమ్మకండి. శిక్షణ గుండులో కూడా నెట్టే మందు, ట్రేసర్ నిజమైనవే.

ఇప్పుడైనా రంగుల సంగతి చెప్తారా?

అమెరికా, నాటో ఆధునిక పద్ధతి ఇది. నల్ల శరీరం, తెల్ల రాతలు: పేలుడు పదార్థం లేని కవచభేది. నల్ల శరీరం, పసుపు రాతలు: పేలుడు పదార్థం ఉన్న కవచభేది, హీట్ ఇందులోకే వస్తుంది. ఆలివ్ పచ్చ మీద పసుపు రాతలు: హెచ్‌ఈ. లేత ఆకుపచ్చ: పొగ. చుట్టూ తెల్ల డైమండ్ గుర్తులు: ఫ్లెషెట్.

పసుపు అంటే లోపల పేలుడు పదార్థం అని ఒక్కటి గుర్తుంచుకుంటే మిగతావి దాని వెంట వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో అమెరికా హెచ్‌ఈ గుండ్లు ఒళ్లంతా పసుపుగానే ఉండేవి. అవి దూరానికే కనపడిపోతున్నాయని ఆలివ్ పచ్చకు మార్చి, పసుపును రాతలకు పరిమితం చేశారు. అదే యుద్ధంలో జర్మన్ కవచభేదులు నల్లగా, హెచ్‌ఈ ఆలివ్ రంగులో ఉండేవి.

రష్యన్ గుండ్ల మీది అక్షరాలు ఎలా చదవాలి?

వాళ్ల పద్ధతిలో రంగుకంటే రాతకే విలువ. పేరు 3తో మొదలై రెండక్షరాలు వస్తాయి: బీఎం అంటే సాబో బాణం, బీకే అంటే హీట్, ఓఎఫ్ అంటే హెచ్‌ఈ. లిపి రాకపోయినా ఫర్వాలేదు. రష్యన్ బీ చూడటానికి ఆరు అంకెలా ఉంటుంది, ఎఫ్ నిలువు గీత చీల్చిన వృత్తంలా ఉంటుంది. సున్నా పక్కన ఆ చీలిన వృత్తం కనిపిస్తే హెచ్‌ఈ అన్నమాట.

కొన్ని గుండ్ల మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. అవి బరువుకు సంబంధించినవి. ఆ రకానికి ఉండాల్సిన బరువుకంటే ఎక్కువైతే ప్లస్, తక్కువైతే మైనస్, సరిగ్గా ఉంటే ఇంగ్లిష్ హెచ్‌లా కనిపించే రష్యన్ ఎన్. రకంతో వాటికి సంబంధం లేదు.

కేసు ఒక్కటే ఉంది. ఏ ఫిరంగిదో తెలుస్తుందా?

గుండుకంటే కేసుతోనే ఎక్కువ తెలుస్తుంది. నోటి వ్యాసం, పొడవు రెండూ కొలవాలి, వ్యాసం ఒక్కటీ చాలదు. 76.2 మి.మీ. తీసుకోండి: టీ-34 కేసు 385 మి.మీ. పొడవు, అమెరికన్ 76 మి.మీ. ఫిరంగిది 539, బ్రిటిష్ 17 పౌండర్‌ది 583. మూడూ ఒకే వ్యాసం, దేనికది వేరే. జర్మన్ 75 మి.మీ.లో ట్యాంకుకు పెట్టిన కేడబ్ల్యూకే 40 కేసు 495 మి.మీ., చక్రాల మీది పాక్ 40 కేసు 714. టైగర్-1 ఫిరంగి, విమానాలను కూల్చే 88 మి.మీ. ఫ్లాక్ 36 ఫిరంగి కేసులు రెండూ 571 మి.మీ.; వాటిని విడదీయాలంటే ప్రైమర్ చూడాలి. ట్యాంకుది విద్యుత్తుతో వెలిగేది, ఫ్లాక్‌ది సూది దెబ్బతో. కాల్చిన కేసు ప్రైమర్ నడిమధ్య సూది గుంట ఉంటే అది ఫ్లాక్‌ది.

లెపర్డ్-2, ఎబ్రామ్స్‌ల 120 మి.మీ. కేసు గోడలు కాలిపోతాయి. మిగిలేది అడుగున చిన్న లోహపు గిన్నె. 125 మి.మీ. మందుకూ అంతే. అది చూసి విరిగిన కేసు అనుకునేవాళ్లు చాలామంది.

డిప్లీటెడ్ యురేనియం బాణాన్ని చూసి చెప్పగలమా?

రౌండులో ఉండగా చెప్పలేం, పేరూ నంబరూ చదవాల్సిందే. ఎం829 వరస డిప్లీటెడ్ యురేనియం, జర్మన్ డీఎం53 టంగ్‌స్టన్. బయటి రూపం ఈ తేడాను పట్టివ్వదు. నేలలో చాలాకాలం పడి ఉన్న యురేనియం ముక్కలు నల్లగా మారి, పైన పసుపు పొర కడతాయి. అలాంటి పసుపు పొర ఉన్న బరువైన కడ్డీని ముట్టుకోకూడదు, దాని దుమ్ము పీల్చకూడదు.

కాల్చినదో కాదో తెలుస్తుందా?

రాగి పట్టీ మీద వాలుగా గాట్లు పడి ఉంటే బ్యారెల్ దాటి వచ్చిందని అర్థం. పట్టీ నున్నగా ఉంటే కాల్చలేదు. గాట్లున్న గుండు పగలకుండా నేలలో దొరికిందంటే పేలాల్సిన సమయంలో పేలలేదన్నమాట. ఆ స్థితిలో దాని ఫ్యూజు ఏ మాత్రం కదలికకు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. తుప్పు పట్టిందని తేలిగ్గా తీసుకోకండి. తుప్పు ఉక్కును తింటుంది, లోపలి పేలుడు పదార్థం అలాగే ఉండిపోతుంది.

ఫొటో పంపి తెలిసినవాళ్లను అడగాలంటే ఏమేం తీయాలి?

ఇది మ్యూజియంలో పెట్టిన వాటికి, నిర్వీర్యం చేసినట్టు కాగితాలున్న సేకరణలకు మాత్రమే. పక్క నుంచి నిటారుగా ఒకటి, ముక్కు దగ్గరగా ఒకటి, రాగి పట్టీ దగ్గర ఒకటి, అడుగు తిన్నగా పై నుంచి ఒకటి. ప్రతిదాంట్లో స్కేలు కనపడాలి. అడుగు ఫొటో చాలామంది పంపరు, తయారైన సంవత్సరం, ఫిరంగి పేరు, లాట్ నంబరు చెక్కి ఉండేది అక్కడే. వెలుతురు పక్క నుంచి పడేలా తీస్తే చెక్కిన అక్షరాలకు నీడ పడి చదవడం సులువవుతుంది. ఫ్లాష్ వేస్తే ఇత్తడి మెరిసి అన్నీ మాయమవుతాయి.